సముద్రపు నీటి అక్వేరియంలో గోధుమరంగు జిగురు: నా అనుభవం

మా ఇంట్లోని సముద్రపు నీటి అక్వేరియంలో ఇసుక మళ్లీ తెల్లగా కనబడి కొద్ది రోజులే అయింది. ఆ ఊరట చల్లారకముందే ఇది రాస్తున్నాను. నేను అవస్థ పడుతున్నప్పుడు డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు తెచ్చే ఈ గోధుమరంగు జిగురు గురించి తెలుగులో ఒక్క ముక్క కూడా దొరకలేదు. మనుషుల దగ్గర దొరికిన సలహాల్లో ఎక్కువ భాగం వ్యాధిని ముదరబెట్టినవే. చేపలు, పగడాలు కలిపి పెంచాలనుకునేవాళ్లు ఎవరైనా ఇదే దశలో చిక్కుకుని ఉంటే, వాళ్లకు డబ్బూ ప్రాణులూ కొన్నైనా మిగలాలని నా కోరిక.

తొట్టె పెట్టడం వరకూ పెద్ద ఇబ్బంది ఏమీ లేదు. నాలుగడుగుల తొట్టె, కింద సంప్ (వడపోత సామాను పెట్టే రెండో తొట్టె), నురగతో మురికి తీసే స్కిమ్మర్, నీళ్లను కదిలించే రెండు వేవ్‌మేకర్లు, లైటు, అన్నీ కలిపి సుమారు 300 లీటర్ల నీళ్లు. అమ్మోనియా నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడేదాకా కొన్ని వారాలు ఖాళీ తొట్టెను ఓపికగా చూస్తూ కూర్చున్నాను. హైదరాబాదు ఎండలకు చిల్లర్ తప్పనిసరి అని ముందే తెలుసు కనుక మొదటి రోజునే కొన్నాను. నీటి ఉష్ణోగ్రత 26 డిగ్రీలు దాటలేదు. కరెంటు పోతే వేవ్‌మేకర్ ఒకటి ఇన్వర్టర్ మీద నడిచేటట్టు వైరింగ్ చేయించాను.

నీళ్ల విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి. మా అపార్ట్‌మెంటులో బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు నీళ్లు. రెండింటిలోనూ టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) మీటరు వెయ్యి దాటి చూపిస్తుంది. వంటింట్లో తాగే నీళ్ల ఆర్.ఓ. ఈ పనికి చాలదు. దాని తరువాత డీఐ రెజిన్ (నీటిలో మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) ఉండాలి, మీటరు సున్నా చూపాలి, ఆ తరువాతే ఉప్పు కలపాలి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును మామూలు నీళ్లతో కాకుండా, 35 పీపీటీ (వెయ్యి భాగాలకు 35 భాగాల ఉప్పు) ద్రావణంతో సరిచేసుకోవాలి. నా తొట్టెలో మొదటి నుంచి ఈ రోజు దాకా ఉప్పదనం 35 నుంచి అర పాయింటు కూడా పక్కకు జరగలేదు. కొలతలన్నీ నోటుపుస్తకంలో తేదీలతో రాసి ఉన్నాయి. దాన్ని గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే తరువాత నన్ను అన్న మాటలకు ఆ పుస్తకమే జవాబు.

రాళ్ల గురించి కూడా చెప్పకపోతే కథ అర్థం కాదు. రీఫ్ తొట్టెకు, అంటే పగడాలు పెంచే తొట్టెకు, ప్రాణం రాళ్లలోనే ఉంటుంది. పాత రోజుల్లో సముద్రం నుంచి తెచ్చిన రాయి, అంటే లైవ్ రాక్ వేసేవారు. దాని రంధ్రాల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు, చిన్న పురుగులు, నాచులు కలిసి బతుకుతాయి. మన దేశంలో రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, వాటితోపాటు సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు 2001లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి, పులితో సమానమైన రక్షణలోకి వచ్చాయి. మన్నార్ సింధుశాఖలోని దీవుల చుట్టూ 1986లోనే సముద్ర జాతీయ వనం ఏర్పాటు చేశారు. అయినా ఇప్పటికీ "ఒరిజినల్ పీస్ ఉంది సార్, కాగితాలు అడగకండి" అనేవాళ్లు తగులుతూనే ఉన్నారు. అటువంటి రాయిని కొన్నవాడు ఆ రీఫ్‌ను తన చేత్తో పగలగొట్టిన వాడితో సమానమని నా నిశ్చితాభిప్రాయం. నేను కొన్నది అరగొనైట్ అనే సున్నపు ఖనిజపు ఎండు రాయి. పగడాలలో రాతి జాతుల జోలికి పోకుండా, మెత్తటి జాతులైన జోయాలు, మష్రూములు, ఒక లెదర్ కోరల్ మాత్రమే బిల్లుతో తీసుకున్నాను. చేపల్లో క్లౌన్ జంట తొట్టెల్లో పుట్టి పెరిగినది. మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వీటి పిల్లలను పుట్టించే పద్ధతిని ఏనాడో అభివృద్ధి చేసింది. సముద్రం నుంచి క్లౌన్ చేపను పట్టుకు రావలసిన అవసరం ఎవరికీ లేదు.

ఎండు రాయి వేయడం సరైన పనే. అయితే అందులో ఏ జీవమూ ఉండదు కనుక, ఆ ఖాళీని ఎవరు ముందు వస్తే వాళ్లు ఆక్రమిస్తారు. నా తొట్టెలో ముందుగా వచ్చింది ఈ జిగురు.

మొదట ఇసుక మీద గోధుమరంగు దుమ్ములా కనిపించింది. కొత్త తొట్టెల్లో డయాటమ్‌లు రావడం మామూలే, సిలికేట్ అయిపోగానే అవి పోతాయి కనుక పట్టించుకోవలసిన పని లేదు. కానీ ఇది పోలేదు. కొద్ది రోజుల్లో దారాలు దారాలుగా సాగే జిగురుగా మారి, రాళ్ల మీదా జోయాల మీదా పరుచుకుంది. మధ్యాహ్నానికి ప్రతి దారం చివరా ఒక గాలిబుడగ నిలిచేది. రాత్రి లైట్లు ఆరిపోయాక చూస్తే చాలావరకు మాయమయ్యేది. తెల్లవారి లైటు వెలిగిన కొన్ని గంటలకు మళ్లీ అంతా అక్కడే ఉండేది. జోయాలు ముడుచుకుపోయాయి. గాజు శుభ్రం చేసే నత్తలు ఒకదాని తరువాత ఒకటి పట్టు విడిచి ఇసుక మీద వెల్లకిలా పడి చనిపోయాయి.

నేను సామాను కొన్న దుకాణానికి ఫోటోలూ కొలతలూ తీసుకుని వెళ్లాను. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా అని చూపించాను. యజమాని ఫోన్లో ఫోటో చూసి, కౌంటరు దగ్గర ఉన్న కొనుగోలుదారులందరూ వినేటట్టు, "ఇది మురికి సార్. మేత ఎక్కువ వేస్తున్నారు. టెస్టులో సున్నా ఎందుకు వస్తుందంటే, ఉన్నదంతా నాచు తినేస్తోంది" అన్నారు. ఫాస్ఫేట్ లాగేసే గుళికలు ఇచ్చి, మేత సగానికి తగ్గించమని, వారానికి రెండుసార్లు నీళ్లు మార్చమని చెప్పారు. అంతా తు.చ. తప్పకుండా చేశాను. జిగురు రెట్టింపయింది. మళ్లీ వెళితే ఎర్ర జిగురుకు వేసే పొడి ఒకటి ఇచ్చారు. అది యాంటీబయాటిక్ అని సీసా మీద చిన్న అక్షరాలలో ఉంది. అది వేశాక జిగురు తొట్టె మొత్తాన్నీ కప్పేసింది, మష్రూముల్లో కొన్ని కరిగిపోయాయి. ఈసారి ఆయన ఇచ్చిన సలహా మరింత సూటిగా ఉంది: "మీరు గోల్డ్‌ఫిష్ పెంచుకోండి సార్, రీఫ్ మీ వల్ల కాదు." పక్కన నిలబడిన ఒక కుర్రాడు ఫక్కున నవ్వాడు. వేలకు వేలు ఖర్చు పెట్టించి, చివరకు నలుగురిలో నవ్వులపాలు చేసిన ఆ దుకాణం గడప మళ్లీ తొక్కలేదు. వస్తువు అమ్మడం వేరు, జబ్బు తెలుసుకోవడం వేరు. సీసా అమ్ముడుపోవాలనుకునే మనిషిని వైద్యం అడగకూడదు.

దారి చూపించింది మా మేనకోడలు. డిగ్రీలో జువాలజీ చదువుతోంది, తన దగ్గర 400 రెట్లు పెద్దది చేసి చూపే మైక్రోస్కోపు ఉంది. ఇసుక మీది జిగురును చిన్న పిప్పెట్‌తో లాగి, ఒక చుక్క స్లైడు మీద వేసి చూసి, "మావయ్యా, ఇది నాచు కాదు, మురికి కాదు. అన్నీ కదులుతున్నాయి, చూడు" అంది. నేను కన్ను పెట్టి చూశాను. గుమ్మడి గింజ ఆకారంలో ఉన్న గోధుమరంగు కణాలు వందల కొద్దీ ఉన్నాయి. ఒక్కొక్కటీ మొన తేలిన చివరను జిగురులో ఆనించి, ఆ బిందువు చుట్టూనే గిరగిరా తిరుగుతోంది. ఆ కదలికే దాని గుర్తు. అది ఆస్ట్రియాప్సిస్ అనే డైనోఫ్లాజెల్లేట్. ఈ అభిరుచిలో ఉన్నవాళ్లు క్లుప్తంగా డైనోలు అంటారు.

ఆ ఒక్క చుక్కతో లెక్క తారుమారైంది. డైనోలు మురికి నీళ్లలో కాదు, పోషకాలు అడుగంటిన నీళ్లలో గెలుస్తాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయినప్పుడు మామూలు నాచులు, బాక్టీరియా ఆకలితో వెనకబడతాయి. ఇవి మాత్రం వేరే కణాలను మింగి కూడా బతకగలవు కనుక ముందుకు వస్తాయి. అంటే నాకు అమ్మిన ఫాస్ఫేట్ గుళికలు, మాన్పించిన మేత, మార్పించిన నీళ్లు, పోటీ బాక్టీరియాను చంపిన పొడి, ఇవన్నీ ఆ శత్రువుకే మేలు చేశాయి. మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పగడం కణజాలంలో ఉండి, వెలుతురుతో ఆహారం తయారుచేసి దానికి పెట్టే జూజాంథెల్లాలు కూడా డైనోఫ్లాజెల్లేట్లే. కనుక "డైనోలను చంపే మందు" అని ఎవరైనా ఇస్తే, అది పగడానికి అన్నం పెట్టే జీవినీ తాకవచ్చని ముందు ఆలోచించాలి.

ఆస్ట్రియాప్సిస్ విషపూరితం కూడా. 2005 వేసవిలో ఇటలీలోని జెనోవా తీరంలో ఇవి విపరీతంగా పెరిగినప్పుడు, గాలిలోకి లేచిన తుంపర పీల్చి సుమారు 200 మంది జ్వరం, దగ్గు, ఊపిరాడకపోవడం వంటి బాధలతో వైద్యం కోసం వెళ్లవలసి వచ్చింది. నత్తలు ఎందుకు చచ్చిపోయాయో అప్పుడు అర్థమయింది. జోయాల జాతుల్లో కొన్నిటిలో ఉండే పాలిటాక్సిన్ కూడా ఇదే కోవకు చెందిన విషం. కాబట్టి జిగురును తీసేటప్పుడు, జోయాలను కోసేటప్పుడు చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పకుండా ఉండాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. జోయాలున్న రాయిని శుభ్రం చేస్తామని వేడినీళ్లలో మరిగించడం వంటి పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఈ పేరా మళ్లీ ఒకసారి చదవాలి.

చికిత్స మొదలుపెట్టాను. ఫాస్ఫేట్ గుళికలు తీసి పారేశాను, నీళ్లు మార్చడం ఆపేశాను, మేత మామూలుకు తెచ్చాను. లేబొరేటరీ రసాయనాలు అమ్మే దుకాణంలో శుద్ధమైన సోడియం నైట్రేట్ కొన్నాను. గ్రాములో 0.73 గ్రాముల నైట్రేట్ ఉంటుంది. 300 లీటర్లలో అది సుమారు 2.4 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) పెంచుతుంది. రోజూ సాయంత్రం కొలిచి, కొద్దికొద్దిగా వేస్తూ, నైట్రేట్‌ను 5 నుంచి 10 మధ్యకు చేర్చి అక్కడే నిలబెట్టాను. ఫాస్ఫేట్ అంత సులభంగా లొంగలేదు. రాత్రి వేసి 0.1కి తెస్తే, మర్నాటికి మళ్లీ సున్నా. ఎండు అరగొనైట్ కాల్షియం కార్బొనేటే కనుక, దాని ఉపరితలం ఫాస్ఫేట్‌ను పీల్చుకుంటుంది. రాయి కడుపు నిండేదాకా వేస్తూనే ఉండాలి. ఈ దశలో చాలామంది టెస్టు కిట్ పాడయిందనుకుని వదిలేస్తారు. వదలకూడదు.

ఆస్ట్రియాప్సిస్ రాత్రి పూట ఇసుకను వదిలి నీళ్లలోకి లేస్తుంది. అందుకే రాత్రి జిగురు కనబడదు, అందుకే దీని మీద యూవీ, అంటే నీటిని అతినీలలోహిత కాంతి గుండా పంపే దీపం, పనిచేస్తుంది. 25 వాట్ల యూవీ పెట్టి, దాని పంపును సంప్‌లో కాకుండా నేరుగా తొట్టెలోనే దింపి, నీటి వేగం తక్కువగా ఉంచాను. మూడు రోజుల పాటు లైట్లు పూర్తిగా ఆపేసి, తొట్టెకు దుప్పటి కప్పాను. స్లైడులో తిరిగేది కాకుండా, జారుతూ పోయే యాంఫిడినియం అనే మరో జాతి కనబడినవాళ్లు యూవీకి డబ్బు పోయనక్కరలేదు. అది ఇసుకను వదిలి పైకి రాదు. జాతి తెలియకుండా మందు మొదలుపెట్టవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇక మిగిలింది పోటీ పెంచడం. మన నగరంలోనే చాలా ఏళ్లుగా రీఫ్ తొట్టె నడుపుతున్న ఒక పెద్దాయన, నా మాట విన్న వెంటనే, తన సంప్ నుంచి పిడికెడు ఇసుక, రెండు పాత రాతి ముక్కలు, ఒక సీసా నిండా, రొయ్యలకు బంధువులైన చిన్న కోపెపాడ్‌లు ఇచ్చారు; రూపాయి తీసుకోలేదు. "నీళ్లలో ప్రాణులు పెరగనీ బాబూ, అవే చూసుకుంటాయి" అన్నారు. పచ్చటి నాచు పొర రాళ్ల మీద పట్టడం మొదలైన వారంలోనే గోధుమరంగు పలచబడింది. మా మేనకోడలు ప్రతి ఆదివారం వచ్చి స్లైడు చూసేది. వందలు కనబడినచోట పదులు, తరువాత వెతికితే ఒకటీ అరా, ఇప్పుడు స్లైడు మొత్తం జరిపి చూసినా ఒక్కటీ లేదు.

జోయాలు పూర్తిగా విచ్చుకున్నాయి. క్లౌన్ జంట రాతి పక్కన గుడ్లు పెట్టింది, మగచేప రెక్కలతో వాటి మీదికి నీళ్లు విసురుతూ, నా చేయి లోపలికి వస్తే వేలు కొరుకుతోంది. గోల్డ్‌ఫిష్ పెంచుకోమన్నవారి తొట్టెల్లో ఇది ఎన్నిసార్లు జరిగిందో వాళ్లే చెప్పాలి.

యూవీ ఇంకా నడుస్తూనే ఉంది, కనీసం మరో రెండు నెలలు ఆపను. నైట్రేట్ ఇప్పుడు మేతతోనే 6 దగ్గర నిలుస్తోంది, ఫాస్ఫేట్ 0.06. నీళ్లు మార్చడం నెలకు పదో వంతు చొప్పున మళ్లీ మొదలుపెట్టాను. నత్తలు మాత్రం వచ్చే నెల దాకా కొనను. స్లైడులో ఏమీ లేదని మరో నాలుగు ఆదివారాలు తేలాకే వాటిని తెస్తాను.