తాతయ్య పోయాక పిల్లలు కట్టే పాట

విదేశంలో పెరిగే పిల్లలకు తాతయ్యో అమ్మమ్మో పోవడమంటే చాలాసార్లు వారం వారం వచ్చే వీడియో కాల్ ఆగిపోవడమే. మనకైతే పుట్టిల్లు, చిన్నతనం అన్నీ ఒక్కసారే పోయినట్టుంటుంది. వాళ్లకు పోయింది ఒక గొంతు, తెరమీద సగమే కనిపించే ఒక నుదురు. అందుకే పిల్లలు పాట రాస్తామన్నప్పుడు అందులో వాళ్ల లోటే ఉండాలి. మన దుఃఖం మనం వేరే రాసుకోవచ్చు.

వెంటనే మొదలుపెట్టించొద్దు. బిడ్డ తనంతట తానే ఆ మనిషి ఊసెత్తేదాకా ఆగండి. అప్పుడు కూడా కాగితం, కలం చేతికివ్వకండి. తెలుగు రాయడం అంతగా రాని పిల్లలు కాగితం చూడగానే నోటికొచ్చిన మాట కూడా మింగేస్తారు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పదిహేను నిమిషాలు మాట్లాడనివ్వండి, మధ్యలో ఇంగ్లీషు దొర్లినా దిద్దకండి. ఫోన్ ఎత్తగానే మొదట ఏమనేవారు? వెనకాల ఏం చప్పుళ్లు వినిపించేవి? నిన్ను ఏమని పిలిచేవారు? ఇలాంటివి అడగండి. ‘తాతయ్యంటే ఎంతిష్టం’ అని అడిగితే ‘చాలా’ అంటారు, దాంతో పాట రాదు.

రికార్డింగ్‌లోంచి నాలుగైదు మాటలు ఏరుకుంటే చాలు. పల్లవి రెండు పాదాలు, నాలుగేసి పాదాల చరణాలు రెండు. పదేళ్ల పిల్లలకు ఇంతకు మించి వద్దు.

ఎక్కువగా చెడేది బాణీ దగ్గర. పిల్లల చెవికి అలవాటైన ఇంగ్లీషు పాటలో ఊనిక ఎక్కడ పడుతుందన్నదే ముఖ్యం. తెలుగులో అక్షరం ఎంతసేపు నిలుస్తుందన్నది ముఖ్యం. ఆ బాణీలో తెలుగు మాటలు కూరితే ‘పాట’ కాస్తా ‘పట’ అవుతుంది, ‘అమ్మ’ ‘అమ’ అవుతుంది. అందుకని ముందు మాటల్ని చేత్తో దెబ్బ వేస్తూ చదివించండి. హ్రస్వం పలికేంత సేపు ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ఒత్తక్షరానికి ముందున్న అక్షరానికీ సున్న ఉన్న అక్షరానికీ రెండు. ‘అమ్మమ్మ పాట’ లెక్కేస్తే 2, 2, 1, 2, 1, మొత్తం 8 మాత్రలు. ఆదితాళం ఒక ఆవర్తనంలో, అంటే తాళం ఒక చుట్టు పూర్తయ్యేసరికి, 8 దెబ్బలు. దెబ్బకు రెండు మాత్రల చొప్పున ఇది సగం ఆవర్తనానికి సరిగ్గా సరిపోతుంది. పాదం చివర మాత్రలు తగ్గితే ఆఖరి అచ్చును సాగదీయొచ్చు, చెవి ఒప్పుకుంటుంది. దీర్ఘాన్ని మాత్రం కుదించకండి. మాటలు ఎక్కువైతే ఒక మాట తీసేయండి, తొందరగా పాడించకండి.

ఇక భక్తి. పెద్దవాళ్లు ఎక్కువగా చెయ్యి పెట్టేది ఇక్కడే. ‘నేను మొక్కుకున్నాను కదా, ఎందుకు తగ్గలేదు?’ అని బిడ్డ రాస్తే ఆ పాదం కొట్టేసి ‘దేవుడి ఒడిలో హాయిగా ఉన్నావు’ అని మనం రాసేస్తాం. దయచేసి అలా చేయకండి. గోల్కొండ చెరలో రామదాసు రాముడికి నగల ఖర్చు లెక్క చెప్పి మరీ నిలదీశాడు. ఆ కీర్తనల్ని మనం ఇప్పటికీ పూజగదిలో పాడుకుంటున్నాం. నిందాస్తుతి అనే పేరుతో మన సంప్రదాయమే ఆ కోపానికి చోటిచ్చింది. దేవుణ్ణి ఎందుకని అడిగే పిల్ల దేవుడితో మాట తెంచుకోలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఆఖరి చరణంలో దొరికి తీరాలని కూడా లేదు. నమ్మకం ఇంకా కుదరని పిల్లలైతే దేవుడి ఊసు లేకుండా తాతయ్యతోనే మాట్లాడనివ్వండి.

ఎవరితో మాట్లాడుతున్నారో మొదటే తేల్చుకోవాలి. పల్లవి దేవుడికీ చరణం తాతయ్యకీ అయితే ‘నువ్వు’ ఎవరో వినేవాళ్లకు అందదు. బిడ్డ తాతయ్యను ‘నువ్వు’ అనేదైతే పాటలోనూ అదే ఉండాలి. మర్యాద కోసం ‘మీరు’ అని మారిస్తే అది వేరెవరి తాతయ్యో అయిపోతాడు.

పాడేటప్పుడు బాణీ ఒక స్థాయి, అంటే కింది ‘స’ నుంచి పై ‘స’ దాకా, దాటకుండా చూసుకోండి. బిడ్డ ఇబ్బంది లేకుండా అందుకోగల అతి కింది స్వరం పట్టుకుని శ్రుతి పెట్టండి. గొంతు మారే వయసు మగపిల్లలకు ఏ వారానికావారం సరిచూడాలి. గొంతు పూడుకుపోయేది సాధారణంగా పిలుపు ఉన్న పాదం దగ్గరే. అక్కడ ఆపేసి మొదట్నుంచీ మొదలుపెట్టించొద్దు. పక్కనున్నవాళ్లు పల్లవి అందుకోవాలి, తాళం నడుస్తూనే ఉండాలి, బిడ్డ తనకు వీలైనప్పుడు కలుస్తుంది.

రికార్డు చేసిన పాటను నేరుగా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఇంటి దగ్గర అమ్మమ్మో నాన్నమ్మో ఒంటరిగా ఉండొచ్చు. ముందు ఆవిడను అడగండి, పక్కన ఎవరైనా ఉన్న పూట చూసి వినిపించండి. తర్వాత ఎవరికి పంపాలో పాట కట్టిన బిడ్డే చెబుతుంది.