రెండు గాలుల మధ్య ఒక రోజు

టోర్బొలే, ఇటలీలోని గార్డా సరస్సు ఉత్తరపు కొస. జూలై, మంగళవారం.

తెల్లారేసరికి టెంటు ఉత్తరపు గోడ లోపలికి పొంగి ఉంది. పెలేర్ బాగానే వీస్తోంది. రాత్రి చల్లబడ్డ కొండల మీంచి దిగి, సరస్సు వెంట దక్షిణానికి పోయే గాలి ఇది. అర్ధరాత్రి దాటాక లేచి, పొద్దున పది, పదకొండుకల్లా ఆగిపోతుంది. కాసేపు ఏ గాలీ ఉండదు. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య దక్షిణం నుంచి ఒరా మొదలవుతుంది, సాయంత్రం దాకా వదలదు. ఎప్పుడు ఈదాలి, ఎప్పుడు వండాలి, బట్టలెప్పుడు ఆరేయాలి, ఇవన్నీ ఇక్కడ ఈ రెండు గాలులే నిర్ణయిస్తాయి. వాటిని పట్టించుకోకుండా గడియారం చూసుకుని నడిచేవాళ్ళకి ఈ ఒడ్డున సెలవులు ఒట్టి అలసటే.

ఒరా అంత గట్టిగా ఎందుకొస్తుందో సరస్సు ఆకారం చూస్తే తెలిసిపోతుంది. సుమారు 370 చదరపు కిలోమీటర్ల నీరు ఇది, ఇటలీలో అన్నిటికన్నా పెద్ద సరస్సు. దక్షిణాన మైదానంలోకి వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. ఉత్తరానికి వచ్చేకొద్దీ రెండు వైపులా నిటారు కొండలు దగ్గరికొచ్చి సన్నబడుతుంది. పొద్దెక్కేసరికి ఉత్తరాన సార్కా నది లోయ వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ చోటులోకి సరస్సు మీది గాలి కదిలి వస్తుంది. వెడల్పులోంచి ఇరుకులోకి రావాలి గనక వేగం పుంజుకుంటుంది. ఆ ఇరుకు చివరే టోర్బొలే. విండ్‌సర్ఫింగ్ వాళ్ళు యూరప్ నలుమూలల నుంచీ ఈ గాలి కోసమే వస్తారు. టెంటు కర్రలు విరిగేదీ ఈ గాలికే.

అందుకని టెంటు వేసేటప్పుడు మొదట చూడాల్సింది సరస్సు కనిపించే అందం కాదు, దక్షిణం ఎటు అని. తలుపు దక్షిణానికి పెడితే మధ్యాహ్నం గాలి లోపల నిండి, నేలకి కొట్టిన మేకుల్ని ఒక్కొక్కటే పీకేస్తుంది. టెంటు వీపు, అంటే అన్నిటికన్నా పొట్టిగా వాలుగా ఉన్న వైపు, దక్షిణానికి ఉండాలి. తలుపు ఉత్తరానికి గానీ తూర్పుకి గానీ పెట్టుకోవచ్చు. పెలేర్ ఈ కొసన అంత మొరటుగా ఉండదు, అది ముదిరేది కిందికి మాల్చెసినే వైపు పోయాక. టెంట్ల శిబిరంలో ఒడ్డుకి ఆనుకున్న మొదటి వరస జాగాలకి అద్దె ఎక్కువ, గాలీ ఎక్కువ. చిన్నపిల్లలున్నవాళ్ళకి మూడో వరసో నాలుగో వరసో, ఆలివ్ చెట్ల వెనకది తీసుకోవడం మంచిది.

నేల నది తెచ్చిపోసిన గులకరాళ్ళది. టెంటుతో పాటు వచ్చే సన్నని అల్యూమినియం మేకులు రెండో దెబ్బకే వంగిపోతాయి. 20 నుంచి 25 సెంటీమీటర్ల ఉక్కు మేకులు కావాలి, వాటితో పాటు సుత్తి. రాయితో కొడితే మేకు తల పక్కకి ఒరుగుతుంది. మేకు నిటారుగా కాకుండా 45 డిగ్రీల వాలుతో, తల టెంటుకి ఎడంగా ఉండేలా దిగాలి. సగంలో రాయి తగిలితే బలం చూపించకూడదు, పీకి నాలుగు వేళ్ళ పక్కన మళ్ళీ కొట్టాలి. తాళ్ళన్నీ కట్టాలి. పొద్దున గాలి లేనప్పుడు చూసి రెండు తాళ్ళు చాల్లే అనుకుంటారు చాలామంది. మధ్యాహ్నం టెంటు వంగిపోతుంటే మిగతావి వెతుక్కుంటూ పరుగెత్తేదీ వాళ్ళే.

పొద్దున టెంటు లోపలి గోడల మీద నీటి బొట్లుంటే కారుతోందని కంగారు పడక్కర్లేదు. మనుషుల ఊపిరిలోని తేమ చల్లటి బయటి గుడ్డకి తగిలి నీరవుతుంది. సరస్సు పక్కన గాలిలో ముందే తేమ ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ. చలిగా ఉందని గాలిరంధ్రాలు మూసేస్తే బొట్లు పెరుగుతాయే తప్ప వెచ్చదనం పెరగదు. రెండు వైపులా రంధ్రాలు తెరిచే పడుకోవాలి. తడి తువ్వాళ్ళు లోపల పెట్టకూడదు, స్లీపింగ్ బ్యాగు కాళ్ళవైపు బయటి గుడ్డకి తగలకుండా చూసుకోవాలి.

టీ కరెంటు కెటిల్‌తో పెట్టాలనుకునేవాళ్ళు ముందు జాగా దగ్గరి కరెంటు స్తంభం మీద రాసిన యాంపియర్లు చూడాలి. చాలా శిబిరాల్లో ఒక్కో జాగాకి ఇచ్చేది 6 యాంపియర్లు. 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు. మామూలు కెటిల్ 2,000 వాట్లు లాగుతుంది, ఇండక్షన్ పొయ్యీ అంతే. పెట్టగానే స్విచ్చి పడిపోతుంది. ఆ స్విచ్చి ఉన్న పెట్టెకి తాళం ఉంటే ఆఫీసు తెరిచేదాకా ఫోన్ల చార్జింగు కూడా ఉండదు. 1,000 వాట్ల లోపు ప్రయాణపు కెటిల్, 500 వాట్ల చిన్న రైస్ కుక్కర్ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటే ఏ ఇబ్బందీ రాదు. స్తంభానికి తగిలించే ప్లగ్గు ఇంట్లో వాడే రకం కాదు. నీలం రంగులో గుండ్రంగా, మూడు పిన్నులతో ఉంటుంది. దాని వైరు 25 మీటర్లదైతే ఎక్కడికైనా అందుతుంది. వైరుని చుట్ట మీదే ఉంచి వాడితే లోపల వేడెక్కి కరుగుతుంది, పూర్తిగా విప్పి పరచాలి.

ఎనిమిది నుంచి పదకొండు దాకా సరస్సులో దిగడానికి మంచి సమయం. ఉత్తరపు కొస ట్రెంటినో అనే ప్రావిన్సు పాలనలో ఉంది. అక్కడ షికారు మోటారు పడవలకి అనుమతి లేదు కాబట్టి నీళ్ళు నిజంగా ఈదేవాళ్ళవే. ఒడ్డు గులకరాళ్ళది, రబ్బరు చెప్పులు లేకపోతే నాలుగడుగులు కూడా కష్టం. పెలేర్ గట్టిగా వీచిన పొద్దున నీరు నిన్నటికన్నా చల్లగా తగులుతుంది. గాలి పైనీటిని దక్షిణానికి నెట్టేస్తుంటే అడుగు నుంచి చల్లనీరు పైకొస్తుంది, ఈ సరస్సు లోతు 346 మీటర్లు. మోకాళ్ళ దాకా దిగి నిమిషం ఆగాలి, ఒక్కసారిగా దూకడం ప్రమాదం. శిబిరంలో ఈతకొలను ఉంటే తలకి టోపీ తప్పనిసరి అనే నియమం ఇటలీలో దాదాపు అంతటా ఉంది, జడలున్నవాళ్ళకి పెద్ద సైజు కొనాలి.

మధ్యాహ్నం వంట పదకొండున్నరకల్లా దించెయ్యాలి. గాలి వచ్చాక గ్యాసు పొయ్యి మీద ఎసరు మరగదు, మంటంతా పక్కకే పోతుంది. 3 కిలోవాట్ల పొయ్యి పూర్తి మంట మీద గంటకి సుమారు 220 గ్రాముల గ్యాసు తాగుతుంది. అంటే 230 గ్రాముల డబ్బా గంటకి కాస్త పైన వస్తుంది, అంతే. గాలిలో వండితే అందులో సగం ఆకాశానికే. అడ్డం పెట్టుకోవచ్చు గానీ, డబ్బా మీదే పొయ్యి కూర్చునే రకమైతే చుట్టూ రేకు మూసెయ్యకూడదు. వేడి డబ్బాకి తగిలి అది పేలొచ్చు. డబ్బాలు విమానంలో తీసుకురానివ్వరు, ఇక్కడే కొనాలి. కొనేముందు పొయ్యి మరతో బిగించేదా, నొక్కి తిప్పేదా, గుచ్చేదా చూసుకోవాలి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

మన వంటకి ఇక్కడి కొట్లలో దొరికేవి సరిపోతాయి. కందిపప్పు ఉండదు గానీ పొట్టు తీసిన ఎర్ర పప్పు, అంటే మైసూరు పప్పు, ఏ సూపర్ మార్కెట్లోనైనా ఉంటుంది. నానబెట్టక్కర్లేదు. గ్లాసు పప్పుకి మూడు గ్లాసుల నీళ్ళు, కుక్కర్ లేకుండానే ఇరవై నిమిషాలు. బియ్యం కొనేటప్పుడు అర్బోరియో, కార్నరోలి రకాలు తీసుకుంటే అన్నం ముద్దవుతుంది, అవి రిసోట్టో అనే ఇటలీ ముద్దన్నానికి. బాస్మతి తీసుకుని అరగంట నానబెడితే ఎసరు పొంగాక పది నిమిషాల చిన్న మంట చాలు. తర్వాత గిన్నెని తువ్వాలులో చుట్టి పది నిమిషాలు వదిలేస్తే తనంతట తనే మగ్గుతుంది. ఇండియా నుంచి వచ్చేవాళ్ళు పొడులు, ఆవకాయ, చింతపండు తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, పాల మిఠాయిలు, మాంసం పచ్చళ్ళు యూరప్‌లోకి రానివ్వరు, పచ్చి కరివేపాకూ అంతే. నెయ్యికి బెంగ అక్కర్లేదు. ఉప్పులేని 250 గ్రాముల వెన్న ముక్క కొని, గాలి లేని పూట సన్నని మంట మీద పావుగంట కాస్తే 200 గ్రాముల దాకా నెయ్యి వస్తుంది. ఇటలీ వెన్న మంచి వెన్న, నెయ్యి కమ్మగా ఉంటుంది. పోపు మాత్రం టెంటు లోపల ఎప్పుడూ వద్దు. గుడ్డ కరగడం ఒక్కటే కాదు, మూసిన టెంట్లో పొయ్యి వదిలే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. వాన పడుతున్నా సరే, వంట బయటే.

పన్నెండు నలభైకి ఒరా వచ్చింది. ముందు నీటి మీద దూరంగా నల్లటి గీత, తర్వాత జెండాలు, తర్వాత ఆలివ్ ఆకులు తెల్లగా తిరగబడటం. అప్పటికే నీడ కోసం కట్టిన పట్టా విప్పి చుట్టెయ్యాలి. అది తెరచాపలా పనిచేసి తనని కట్టిన టెంటునే లాగేస్తుంది. ఉతికిన బట్టలకి మాత్రం ఇదే మంచి వేళ, పలుచటి నూలు బట్టలు గంటలో ఆరిపోతాయి. తాడుని రెండు పేటలుగా మెలిపెట్టి ఆ మెలికల్లో బట్ట అంచులు దూర్చితే ఎగిరిపోవు.

ఒంటిగంట నుంచి మూడు దాకా శిబిరమంతా నిశ్శబ్దం పాటించాలి. చాలా చోట్ల గేటు దించేస్తారు, కార్లు లోపలికి రావు, బయటికి పోవు. మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా కారులో వచ్చే మనవాళ్ళు పొద్దున బయల్దేరి సరిగ్గా ఈ వేళకే చేరి, ఎండలో రోడ్డు మీద కూర్చుంటారు. పన్నెండులోపు రావాలి, లేదా దారిలో భోజనం చేసి మూడింటికి రావాలి. పిల్లలతో సహా అందరి పాస్‌పోర్టులూ చేతిలో ఉండాలి. బస చేసినవాళ్ళ వివరాలు 24 గంటల్లో పోలీసులకి పంపాలని ఇటలీ చట్టం. స్థానిక బస పన్ను విడిగా కట్టాలి. ట్రెంటినో గెస్ట్ కార్డు ఇస్తారేమో అడగాలి, దానితో స్థానిక బస్సులు, రైళ్ళు ఉచితం. శిబిరాన్ని కాదని సరస్సు పక్కన ఏ పార్కింగులోనో టెంటు వేసుకోవడం జరిమానా పడే పని.

గాలి నచ్చనివాళ్ళకి మధ్యాహ్నం లెద్రో సరస్సు ఉంది. అది 655 మీటర్ల ఎత్తున కొండల చాటున ఉంటుంది, గార్డా 65 మీటర్ల దగ్గర. ఎత్తు పెరిగే ప్రతి 1,000 మీటర్లకీ వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి అక్కడ నాలుగు డిగ్రీల చల్లదనం. 1929లో కరెంటు కోసం ఆ సరస్సు నీరు తగ్గించినప్పుడు కంచుయుగపు ఇళ్ళ గుంజలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. 2011లో యునెస్కో జాబితాలో చేరాయి. గుంజలతో కట్టిన ఆ ఇళ్ళ నమూనాలు మ్యూజియం దగ్గర నీటి ఒడ్డునే ఉన్నాయి, పిల్లలకి తప్పకుండా చూపించాలి. నడిచేవాళ్ళు పక్క ఊరు రీవా నుంచి పొనాలే పాత రోడ్డు పట్టుకోవచ్చు, 19వ శతాబ్దంలో కొండ గోడలో చెక్కిన దారి. ఇప్పుడు కార్లు లేవు, సైకిళ్ళు మాత్రం వేగంగా దిగుతాయి, కొండవైపు ఆనుకుని నడవాలి.

ఒరా రాని రోజే అసలు జాగ్రత్త పడాల్సింది. మధ్యాహ్నం రెండైనా గాలి లేక, ఉక్కగా ఉండి, తూర్పు ఒడ్డు కొండ మోంటే బాల్దో మీద మబ్బు గోపురంలా పెరుగుతుంటే సాయంత్రానికి ఉరుముల వాన ఉందని లెక్క. ఇక్కడి వాతావరణ సంస్థ మెతెయోట్రెంటినో సూచన పొద్దునా మధ్యాహ్నమూ చూసుకోవాలి. ముందున్న పందిరి దించెయ్యాలి, తాళ్ళు మళ్ళీ బిగించాలి (నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది), కుర్చీలు కారులో పెట్టాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి మూడు సెకన్లూ ఒక కిలోమీటరు. పది కిలోమీటర్లలోపు వచ్చిందంటే టెంట్లో ఉండకూడదు, చెట్టు కిందా కాదు, కారులోనో స్నానాల గదుల భవనంలోనో ఉండాలి. సాయం కావాలంటే 112.

ఈరోజు అలాంటిదేమీ లేదు, ఆరున్నరకి గాలి తగ్గింది, పప్పుచారు ప్రశాంతంగా కాగింది.

రేపు మొల్వేనో. ఆర్కో, సార్కే మీదుగా గంటకి కాస్త పైన పడుతుంది. బ్రెంటా కొండల కింద 860 మీటర్ల ఎత్తు ఊరు, రాత్రి ఇక్కడికన్నా అయిదారు డిగ్రీలు తక్కువ. స్లీపింగ్ బ్యాగు మీద ఎంత చలికి పనికొస్తుందో చెప్పే రెండు అంకెలుంటాయి. నమ్మాల్సింది 'కంఫర్ట్' అని రాసినది, 'లిమిట్' కాదు. గ్యాసు డబ్బాలోనూ తేడా కనిపిస్తుంది. ఒట్టి బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది. పొద్దున ఏడెనిమిది డిగ్రీలున్నా, మండేకొద్దీ డబ్బా తనే ఇంకా చల్లబడి మంట నీరసిస్తుంది. ప్రొపేన్ కలిసిన డబ్బా కొనాలి. కొండదారుల గుర్తులు ఎరుపు తెలుపు పట్టీలు, మీద నంబరు. ఈ ప్రాంతంలో వాటిని చూసుకునేది 1872 నుంచీ ఉన్న ట్రెంటినో పర్వతారోహకుల సంఘం. టి, ఇ అని రాసినవి మామూలు నడకవాళ్ళకి. ఇ రెండుసార్లు ఉంటే అలవాటున్నవాళ్ళకి. ఇఇఎ అంటే ఉక్కు తాళ్ళు, హెల్మెట్, నడుం పట్టీ కావాలి. ఏడింటికి బయల్దేరి ఒంటిగంట, రెండుకల్లా కిందికి వచ్చెయ్యాలి, అక్కడి ఉరుములు మధ్యాహ్నం తర్వాతే. తిరిగొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుం పట్టీ కింద పిడుదులు వెతకాలి. కనిపిస్తే నూనె రాయకుండా సన్నని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి, తేదీ రాసిపెట్టుకోవాలి.

టెంటు పెలేర్ ఆగకముందే, తొమ్మిదింటికి విప్పాలి. బయటి గుడ్డని ముందు ఆ గాలికే తాడు మీద వేస్తే అరగంటలో ఆరుతుంది. తడిగా చుట్టి కారు డిక్కీ వేడిలో పెడితే బూజు వాసన పట్టి మళ్ళీ వదలదు. మేకులు లెక్కపెట్టుకుని సంచిలో వెయ్యాలి, గులకరాళ్ళలో ఒకటి మిగిలితే తర్వాత వచ్చేవాళ్ళ కాలికే.