మిల్న్ వంశం: రాజుగారి మేస్త్రీల లెక్క

మిల్న్‌లు స్కాట్లాండులో తరతరాలుగా రాతిపని చేసిన వంశం. అక్కడి ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో 1674లో నిలిపిన స్మారక ఫలకం ఒకటి ఉంది. 1667లో మరణించిన జాన్ మిల్న్ ఆ పేరు గలవారిలో నాలుగోవాడనీ, తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించిన రాజమేస్త్రీ పదవిలో ఆరోవాడనీ, వీరు వరసగా ఏడుగురు రాజులను కొలిచారనీ అది పద్యంలో చెబుతుంది. కొన్ని వారాలుగా నేను ఆ లెక్క సరిచూడడంలోనే మునిగి ఉన్నాను.

కాగితం మీద ‘జాన్ మిల్న్, తాపీపనివాడు’ అని మాత్రమే కనిపిస్తే ఎవరో తేలదు కనుక, నోట్‌బుక్‌లో ఒక్కొక్క జాన్ పక్కన మరణ సంవత్సరం రాసుకున్నాను. 1621లో పోయినవాడు పెర్త్ దగ్గర టే నది మీద వంతెన కట్టినవాడు. అతడు పోయిన ఏడాదే ఆ వంతెన వరదకు కొట్టుకుపోయింది. 1657లో పోయినవాడు 1633లో కొడుకులిద్దరితో కలిసి ఎడిన్‌బరోలోని హోలీరూడ్ రాజప్రాసాదం తోటలో అనేక ముఖాల నీడగడియారం చెక్కాడు. అతడు 1631లో పొందిన రాజమేస్త్రీ పదవిని 1636లో కొడుక్కు అప్పగించాడు; ఆ కొడుకే గ్రేఫ్రయర్స్ ఫలకంలోని జాన్. మరి ఇతణ్ని నాలుగోవాణ్ని చేసే ఇంకో జాన్ ఎవరు? 1481లో స్కాట్లాండు రాజు మూడవ జేమ్స్ నియమించాడని కుటుంబం చెప్పుకునే మూలపురుషుణ్ని కలిపితేనే ఆ అంకె కుదురుతుంది. నాకు మాత్రం నమ్మకం కుదిరేది 1631 నుంచే.

ఫలకం నిలిపిన రాబర్ట్, ఆ జాన్‌కు తమ్ముడి కొడుకు. ఈయన 1671లో హోలీరూడ్ ప్రాసాదం పునర్నిర్మాణానికి పునాది వేసి, లోపలి చావడి స్తంభం మీద తన పేరు, నెల, సంవత్సరం చెక్కించుకున్నాడు. వంశగౌరవం రాతిమీద నిలపడం ఈయనకు అలవాటే కాబోలు!

ఈ వంశంలోనే 18వ శతాబ్దానికి చెందిన ఇంకో రాబర్ట్ 1747లో వడ్రంగి దగ్గర శిష్యరికంలో చేరి, 1758లో రోములోని సెయింట్ లూక్ అకాడమీ బహుమతి గెలిచి, లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన కట్టాడు. అది 1769 నవంబరులో తెరుచుకుంది. అదే ఏడాది ఆగస్టు 3న అతని తమ్ముడు విలియం ఎడిన్‌బరోలో కడుతున్న నార్త్ బ్రిడ్జి కొంత భాగం కూలి అయిదుగురు చనిపోయారు. విలియం 1773లో అమెరికా వెళ్ళి, తిరిగివచ్చాక డబ్లిన్ నీటి సరఫరా పనులు చూస్తూ 1790లో అక్కడే మరణించాడు. అతని పేర అక్కడి సెయింట్ కేథరిన్ చర్చిలో ఫలకం పెట్టించినవాడు అన్న రాబర్టే.