గార తీయించుకోవడం, ఆ తర్వాత పళ్లు తోమడం: నా అనుభవం

పొదిలి, దర్శి, కనిగిరి వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో పళ్ల మీద గోధుమరంగు చారలు మామూలే. ఆ ఊళ్లు నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, ఇక్కడి ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు) గురించి వైద్య పత్రికలో రాశారు. ఆ చారలు నాకూ ఉన్నాయి. ఒంగోలులో పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లింది మాత్రం వాటి కోసం కాదు. తోముకుంటుంటే ఇగుళ్లలోంచి రక్తం, కింది ముందుపళ్ల వెనక గార.

పాచి వేరు, గార వేరు, చార వేరు. గోటితో గీరితే మెత్తగా వచ్చేది పాచి, అంటే బ్యాక్టీరియా పొర. ఎంత బాగా తోమినా కొన్ని గంటల్లో మళ్లీ పట్టడం మొదలవుతుంది. బ్రష్షుకు లొంగేది ఇదొక్కటే. వదిలేసిన పాచికి ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేటు పట్టి రాయిలా గట్టిపడితే అది గార. కింది ముందుపళ్ల లోపలివైపు, పై దవడపళ్ల బయటివైపు ఇది ఎక్కువ, ఉమ్మి ఊరే నాళాలు తెరుచుకునేది అక్కడే మరి. చారలు పైన అంటుకున్నవి కావు, చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే పైన ఉండే గట్టి పొరలో, అంటే ఎనామిల్‌లో కలిసిపోయినవి. ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు వేసి రుద్దితే ఎనామిల్ అరిగి పళ్లు జివ్వుమంటాయి గానీ చార కదలదు.

గార తీసే పరికరం కొన సెకనుకు వేలసార్లు అదురుతూ నీళ్లు చిమ్ముతుంది. అది గారను పగలగొడుతుంది, సరిగ్గా వాడితే పన్ను అరగదు. తర్వాత పళ్ల మధ్య సందులు కనిపిస్తాయి, నాలుకకు కొత్తగా తగులుతాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయనే మాట దీన్నుంచే పుట్టింది. గార పూడ్చిన సందు అది, గార పోయాక బయటపడింది, అంతే. చల్లనీళ్లు కొన్నాళ్లు జివ్వుమనిపిస్తాయి. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు దానికి పనిచేస్తుంది, కాకపోతే రెండు వారాలైనా వాడాలి.

రక్తం వస్తోందని ఆ పక్క తోమడం మానేస్తున్నానంటే డాక్టరమ్మ, "వచ్చే చోటే తోమాలండీ, వదిలేస్తే ఎట్టా తగ్గుద్ది?" అంది. పాచి వల్లే ఇగురు వాస్తుంది, పాచి పోతే వాపు దిగి ఒకటి రెండు వారాల్లో రక్తం ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే మళ్లీ చూపించుకోవాలి, షుగర్ ఉన్నవాళ్లు మరీను.

తోమే పద్ధతి ఇదీ. సాఫ్ట్ బ్రష్షు తీసుకుని, కుచ్చును పన్నూ ఇగురూ కలిసే గీత మీద 45 డిగ్రీల వాలుగా ఆనించాలి. కుచ్చు సగం పన్ను మీద, సగం ఇగురు మీద. అక్కడే నిలిపి, జరపకుండా చిన్నచిన్నగా కదిలించాలి. పది పదిహేనుసార్లు కదిలించాక ఇగురు నుంచి పన్ను కొసవైపు దొర్లించాలి. రెండు మూడు పళ్లు అయ్యాక పక్కకు. ముందుపళ్ల వెనక బ్రష్షును నిలువుగా పట్టుకోవాలి, లేకపోతే కుచ్చు అక్కడికి చేరదు. చిట్టచివరి దవడపన్ను వెనక నోరు సగమే తెరిస్తే బుగ్గ వదులై చోటు దొరుకుతుంది. మొత్తం రెండు నిమిషాలు, పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. రాత్రిదే ముఖ్యం, నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది. బలంగా అడ్డంగా రాస్తే ఇగురు వెనక్కి జారి వేరు బయటపడుతుంది. కుచ్చు విచ్చుకుంటే, విచ్చుకోకపోయినా మూడు నెలలకు, బ్రష్షు మార్చేయాలి. పళ్ల సందుల్లోకి ఏ బ్రష్షూ దూరదు, అక్కడికి పళ్ల దారమో (ఫ్లాస్) సందుల బ్రష్షో కావాల్సిందే.

పేస్టు పాత్ర రెండోది. అందులోని సన్నటి పొడి పాచి రాలడానికి సాయపడుతుంది, నురగ దాన్ని తేలుస్తుంది, ఫ్లోరైడ్ పుచ్చు పట్టకుండా కాపాడుతుంది. బ్రష్షు నిండా వేయడం ప్రకటనల పుణ్యం, శనగగింజంత చాలు. ఉమ్మేసి ఊరుకోవాలి. గ్లాసులకొద్దీ నీళ్లు పుక్కిలిస్తే ఫ్లోరైడూ పోతుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ (క్రిములను చంపే మందు) రాసిచ్చారా, పేస్టుకూ దానికీ అరగంట ఎడం ఉండాలి. చెప్పినన్నాళ్లకు మించి వాడితే పళ్లమీద గోధుమరంగు పడుతుంది. ఇది చార కాదు, క్లీనింగ్‌లో పోతుంది.

నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉన్న మన దగ్గర ఫ్లోరైడ్ పేస్టు పిల్లలకు వాడాలా అని అడుగుతారు. ట్యూబు మీద ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పే పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) అంకె ఉంటుంది, మన దేశంలో 1000 దాటకూడదు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్లదాకా బఠాణీగింజంత, పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉమ్మించాలి. మింగే పిల్లలకు ఏ పేస్టు అన్నది డాక్టరునే అడగండి. అంతకన్నా ముందు ఇంట్లో తాగే నీళ్లు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటితే వేరే నీళ్లు చూసుకోవాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.