నేను చేత్తో సరిచేసిన ట్రేడ్‌లు

పోయిన నెల చెల్లెలి పెళ్ళికని తెనాలి వెళ్ళి, పదిహేను రోజులుండి లండన్ తిరిగొచ్చాను. ఆఫీసులో మొదటి రోజే డేటా టీమ్ పెద్దావిడ నా సీటు దగ్గరికొచ్చింది. రిటైర్మెంటుకు దగ్గర పడింది, ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉంది. పెళ్ళి బాగా జరిగిందా అని అడిగి, ఒక కాగితం నా ముందు పెట్టింది. నేను లేని రోజుల్లో ఫెయిలైన, అంటే గడువుకు డబ్బూ షేర్లూ చేతులు మారని, ఐరిష్ షేర్ల ట్రేడ్‌ల (కొనుగోలు, అమ్మకాల) జాబితా అది. "ఇవన్నీ రోజూ నువ్వు చేత్తో సరిచేస్తున్నావట, ఎన్నాళ్ళ నుంచి?" అంది. పదకొండు నెలలని చెప్పాను, కొంచెం గర్వంగానే. మా సిస్టమ్ ట్రేడ్ వివరాలు తీసుకునే టేబుల్‌ను చూసుకునేది ఆవిడ టీమే. "అంటే పదకొండు నెలలుగా మా టేబుల్‌లో తప్పుందని నాకెవరూ చెప్పలేదు. నువ్వు చేసింది సాయం కాదు" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కోపం తెచ్చుకోవడానికి నాకు వీలుండేది.

ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఉదయం ఏడింటికల్లా వచ్చి, కాఫీ కూడా తాగకుండా, ఆగిపోయిన ట్రేడ్‌లన్నీ ఒక్కొక్కటే తెరిచి సరిచేసే మనిషిని నేను. ఒక్కరోజు కూడా క్లయింటు నుంచి మాట రానివ్వలేదు. దానికా ఈ మాట?

అసలు సంగతి చెబుతాను. ఒకరు షేర్లు కొని ఇంకొకరు అమ్మితే, మనిషి చెయ్యి పడకుండా డబ్బు ఇటూ షేర్లు అటూ మారిపోవాలి. సెటిల్ కావడమంటే అదే. అలా జరగాలంటే ఏ షేరు, ఎవరితో లావాదేవీ, ఏ డిపాజిటరీలో (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే సంస్థలో) సెటిల్ కావాలి అనే వివరాలు రెండు వైపులా ఒకేలా ఉండాలి. షేరుకు 12 అక్షరాల ఐసిన్ నంబరుంటుంది. ఇన్ఫోసిస్‌ది ఐఎన్ఈ009ఏ01021, నాకు కంఠతా వచ్చు. ఆ చివరి 1, ముందున్న పదకొండింటితో లెక్కగట్టి వచ్చే అంకె, ఎక్కడైనా ఒక అంకె తప్పు కొడితే లెక్క తేడా వచ్చి పట్టుబడుతుంది. అదే కంపెనీకి న్యూయార్క్‌లో షేరుకు బదులుగా చేతులు మారే పత్రం, ఏడీఆర్‌కు మాత్రం యూఎస్‌తో మొదలయ్యే వేరే ఐసిన్. కాబట్టి "ఇన్ఫోసిస్" అని పేరొక్కటే రాస్తే చాలదు. కంపెనీలకూ, ఫండ్లకూ 20 అక్షరాల ఎల్‌ఈఐ అని ఇంకో నంబరుంటుంది. 2008లో అమెరికా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు, ఆ గ్రూపులో ఏ కంపెనీతో మనకెంత బాకీ ఉందో తేల్చుకోవడానికే బ్యాంకులు తలకిందులయ్యాయి. ఆ దెబ్బతోనే ఇది పుట్టింది.

నా ఐరిష్ ట్రేడ్‌లలో ఐసిన్ తప్పు లేదు, ఎల్‌ఈఐ తప్పు లేదు. సెటిల్ కావాల్సిన చోటు దగ్గర తప్పుంది. ఐరిష్ కంపెనీల షేర్లు మొదట్లో ఇక్కడి సెటిల్‌మెంట్ సిస్టమ్ క్రెస్ట్‌లోనే సెటిల్ అయ్యేవి. బ్రెగ్జిట్ తర్వాత, 2021 మార్చి 15న, బ్రస్సెల్స్‌లోని డిపాజిటరీ యూరోక్లియర్ బ్యాంకుకు మారాయి. మా దగ్గర కొత్తగా చేరిన ఇద్దరు బ్రోకర్లకు ఎవరో ఆ టేబుల్‌లో పాత వరసనే కాపీ చేసి పెట్టారు. వాళ్ళు బ్రస్సెల్స్ అంటారు, మా సిస్టమ్ లండన్ అంటుంది, రెండూ మ్యాచ్ కావు. నేను రోజూ లండన్ కోడు తీసేసి బ్రస్సెల్స్ కోడు కొట్టి పంపేదాన్ని. ఒక్కో ట్రేడుకు నాలుగు నిమిషాలు. నేను తెనాలిలో ఉన్నన్నాళ్ళూ అవి అలాగే పడున్నాయి. యూరప్‌లో 2022 ఫిబ్రవరి నుంచి, ఆలస్యమైన ప్రతి రోజుకూ పెనాల్టీ పడుతుంది. బాగా చేతులు మారే షేరైతే విలువలో పదివేలకు 1 వంతు. అంటే 10 లక్షల యూరోల ట్రేడుకు రోజుకు 100 యూరోలు. పెద్ద మొత్తం కాదు కానీ, క్లయింటు స్టేట్‌మెంట్‌లో కనపడింది. అలా బయటపడింది.

మన ఇళ్ళలో పెళ్ళి వంట సంగతి మీకు తెలుసు. సాంబార్లో ఉప్పు తగ్గితే ఎవరో ఒక పిన్ని చూసి, వడ్డనకు ముందే గుప్పెడు వేసి కలిపేస్తుంది. వంటాయన్ని పిలిచి చెప్పదు, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఎందుకులే అనుకుంటుంది. చెల్లెలి పెళ్ళిలో సరిగ్గా ఇదే జరిగింది, నా కళ్ళముందే. ఆ పిన్నిని చూసి నేను మురిసిపోయాను కూడా. ఆ వంటాయన ఈపాటికి ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు చేసుంటాడు.

అయితే తప్పంతా మన పెంపకం మీదికి తోసెయ్యడానికి నాకు మనసొప్పదు. నేను ఇక్కడికి రాకముందు హైదరాబాద్‌లో, గచ్చిబౌలిలోని మా ఆఫీసులోనే ఐదేళ్ళు ఇదే పని చేశాను. అక్కడ మాకు మాస్టర్ డేటాను, అంటే ఇలాంటి టేబుల్స్‌ను, చూసే హక్కే ఉంది, మార్చే హక్కు లేదు. తప్పుందని టికెట్ (ఫిర్యాదు) పెడితే, "ట్రేడ్ సెటిలైంది కదా, క్లోజ్ చేస్తున్నాం" అని వెనక్కొచ్చేది. ఇక మా పనిని దేనితో కొలిచేవాళ్ళంటే, రోజుకు ఎన్ని బ్రేక్స్ (మ్యాచ్ కాక ఆగిన ట్రేడ్‌లు) క్లియర్ చేశామన్న లెక్కతో. తప్పు ఎక్కడ పుట్టిందో కనిపెట్టినందుకు ఏ అప్రైజల్‌లోనూ ఒక్క గడి లేదు. అలా ఐదేళ్ళు పనిచేసిన మనిషి ఇక్కడికొచ్చి ఎలా పనిచేస్తుంది? పెద్దావిడ మాట నిజమే, కానీ సగం నిజం. నన్నలా తయారుచేసిన లెక్కలు ఇక్కడి మీటింగ్ రూముల్లోనే గీశారు.

ఇంకో మాట కూడా అనకుండా ఉండలేను. లండన్‌లో ఇప్పటికీ ట్రేడ్ జరిగిన రెండో రోజున సెటిల్‌మెంట్. మన దేశంలో 2023 జనవరి 27 నుంచి షేర్లన్నీ మర్నాడే సెటిల్ అవుతున్నాయి. అమెరికా 2024 మే 28న మారింది. బ్రిటన్, యూరోపియన్ యూనియన్ 2027 అక్టోబర్ 11న మారతాయట. ఇక్కడ ఇండియా అనగానే "డేటా క్వాలిటీ" గురించి జాలిగా మాట్లాడేవాళ్ళతో ఈ తేదీలు చెబుతుంటాను. మనకు ఒకే కరెన్సీ, రెండే డిపాజిటరీలు కాబట్టి సులువైందని వాళ్ళంటారు. కొంత నిజమే. అయినా చేసింది మనం.

ఆ తేదీలు తలుచుకుంటేనే ఆవిడ కోపం నాకు అర్థమైంది. న్యూయార్క్ మార్కెట్ మూసేసరికి మాకు రాత్రి తొమ్మిది. అక్కడి ట్రేడ్ వివరాలు ఖాయం చేయడానికి గడువు మాకు అర్ధరాత్రి దాటి రెండింటికి. ఆ మధ్యలో కూర్చుని ఒక్కో కోడూ చేత్తో మార్చే టైమ్ ఎక్కడుంది? 2027లో ఇక్కడా అదే పరిస్థితి వస్తుంది. ఉదయం ఏడింటికి వచ్చి సరిచేస్తానంటే అప్పటికే ఆలస్యమవుతుంది.

మర్నాడు ఆవిడే మళ్ళీ వచ్చింది. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, తప్పు నమోదు చేసే ఫారం తెరిపించింది. "ఏం సరిచేశావో రాయకు. సిస్టమ్ దేన్ని చూసి తప్పు చెప్పిందో రాయి" అంది. మూడు లైన్లు రాశాను. మధ్యాహ్నానికల్లా ఆ ఇద్దరు బ్రోకర్ల వరసలు మారాయి. పదకొండు నెలల పని, పట్టుమని పది నిమిషాలు. కింద "గుర్తించినవారు" అన్న చోట ఆవిడే నా పేరు టైపు చేసింది, స్పెల్లింగ్ అడిగి మరీ.

ఆ రాత్రి హైదరాబాద్‌లో నా పాత టీమ్ అమ్మాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. తను విని, "అక్కా, నా దగ్గర ఇలాంటివి ఓ ముప్పై ఉంటాయి" అంది. పంపమన్నాను, నేనే ఫారంలో పెడతానని. కాసేపు మాట్లాడలేదు. "అవన్నీ పోతే నా క్లియరెన్స్ కౌంట్ సగానికి పడిపోతుందక్కా. అప్రైజల్ మార్చిలో" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ కౌంట్ బదులు, తప్పు మూలం కనిపెట్టి పంపినవాటిని లెక్కలోకి తీసుకోమని మా మేనేజర్‌కు మెయిల్ రాశాను. ఆ అమ్మాయి పేరు పెట్టలేదు. పది రోజులైంది, జవాబు రాలేదు. సోమవారం వెళ్ళి ఎదురుగా అడుగుతాను, పెద్దావిడను కూడా రమ్మన్నాను.