నాగా అని రాసిన తొమ్మిది రోజులు

ఉద్యోగంలో చేరిన ఐదో నెలలో నాకు టైఫాయిడ్ వచ్చింది. అప్పట్లో విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల దుకాణంలో బిల్లులు రాసేవాణ్ణి. దాని పేరు ఇక్కడ అనవసరం. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ఒకటో తారీఖున చేతికిచ్చిన జీతం కవరు మీద, నా పేరు కింద, ఎర్ర సిరాతో 'నాగా – 9' అని రాసి ఉంది. ఇదేమిటని అడిగితే గుమస్తా గారు కళ్ళద్దాలు సవరించుకుని, 'ఏడాది నిండితే గానీ సెలవులుండవయ్యా' అన్నారు. నమ్మి ఊరుకున్నాను. ఇప్పుడు మరొక చోట జీతాల లెక్కలు నేనే చూస్తున్నాను కనుక, ఆయన చెప్పినదాంట్లో నిజం సగమేనని తెలుసు.

మన దుకాణాలకు, ప్రైవేటు ఆఫీసులకు వర్తించేది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. విభజన తరువాత తెలంగాణ కూడా దానినే తన పేరుతో కొనసాగిస్తోంది. అందులోని 30వ సెక్షన్ మూడు రకాల సెలవులను విడివిడిగా చెబుతుంది. వరుసగా పన్నెండు నెలల కాలంలో కనీసం 240 రోజులు పనిచేసిన వారికి, ఆ తరువాతి పన్నెండు నెలల్లో జీతంతో కూడిన 15 రోజుల సెలవు వస్తుంది. మనం ఈఎల్ (ఆర్జిత సెలవు) అనుకునేది ఇదే. జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా 12 రోజుల వరకు, సహేతుకమైన మరే కారణానికైనా మరో 12 రోజుల వరకు జీతంతో సెలవు తీసుకోవచ్చు. ఈ చివరి రెండింటికీ ఏడాది నిండాలన్న నియమం లేదు. ఉద్యోగంలోని మొదటి పన్నెండు నెలల్లోనే అవి వర్తిస్తాయని సెక్షన్ స్పష్టంగా అంటుంది. గుమస్తా గారు ఈఎల్‌కున్న షరతును తెచ్చి నా జ్వరానికి అంటగట్టారన్నమాట. ఆయనకు దురుద్దేశం ఉందని నేననుకోను, ఆయనకు కూడా ఎవరో అలాగే చెప్పి ఉంటారు.

ఇంతకంటే తరచుగా కనిపించే పొరపాటు ఇంకొకటుంది. జ్వరం వచ్చి నాలుగు రోజులు రాకపోతే, ఆ నాలుగింటిని ఈఎల్ ఖాతాలో సర్దేస్తారు. జీతం కోత పడలేదు కదా అని ఉద్యోగి సంతోషిస్తాడు, కానీ పోయింది ఈఎల్. ఈఎల్ వాడకపోతే 60 రోజుల దాకా పోగుపడుతుంది. జబ్బు సెలవుకు చట్టంలో అలాంటి పోగు లేదు, ఆ ఏడాది వాడనిది మురిగిపోతుంది. అంటే మురిగిపోయేదాన్ని వదిలేసి, నిలవ ఉండేదాన్ని ఖర్చు చేస్తున్నామన్నమాట. అందుకే మా రిజిస్టరులో మూడు గడులు గీసి పెట్టాను, ఏ రోజు ఏ గడిలోంచి పోయిందో జీతం చీటీలో కూడా కనబడేటట్లు రాస్తాను.

కర్మాగారాల లెక్క వేరు. అక్కడ ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున వార్షిక సెలవు జమవుతుంది. పాత చట్టంలో ఇందుకు ఏడాదికి 240 రోజుల హాజరు కావాలి; 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ దానిని 180కి తగ్గించింది. జబ్బు సెలవు పేరుతో విడిగా ఏమీ లేదు. ఆ భారం చాలావరకు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం) మీదే ఉంది.

నెల జీతం 21,000 రూపాయలు మించని వారి జీతంలో ఈఎస్ఐ కింద 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కలుపుతాడు. ఈ కోత చూసి విసుక్కునేవారే గాని, అది ఆసుపత్రి చీటీకే కాక జబ్బు రోజుల జీతానికి కూడా అని తెలిసినవారు తక్కువ. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, ఈఎస్ఐ వైద్యుడి ధ్రువపత్రం మీద సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు నగదు వస్తుంది. మొదటి రెండు రోజులకు మామూలుగా ఏమీ రాదు. 18,000 జీతగాడు డెంగీతో పదకొండు రోజులు పడుకున్నాడనుకుందాం. రోజు వేతనం సుమారు 600, అందులో 70 శాతం 420. తొమ్మిది రోజులకు 3,780 రూపాయలు. అదే పదకొండు రోజులూ జబ్బు సెలవుగా రాయించుకుంటే పూర్తిగా 6,600 అందుతుంది. ఒకే రోజుకు సెలవు జీతం, ఈఎస్ఐ నగదు రెండూ ఇవ్వరు కనుక, దుకాణంలో పనిచేసేవారు ముందు పన్నెండు రోజుల ఖాతా వాడుకుని, జబ్బు ఇంకా సాగితే ఈఎస్ఐ వైపు వెళ్ళడం లాభమని నా అభిప్రాయం. ఈఎస్ఐ జబ్బు భత్యం పొందుతున్న కాలంలో ఆ ఉద్యోగిని పనిలోంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు.

ప్రభుత్వ కొలువుల పద్ధతి వేరు. జడ్పీ హైస్కూలులో పనిచేసే మా బాబాయిని కదిపితే చాలు, సగం జీతంతో వచ్చే అర్ధవేతన సెలవు ఏడాదికి 20 రోజులని, వైద్య ధ్రువపత్రంతో దానిని పూర్తి జీతానికి మార్చుకుంటే ఖాతాలో రెట్టింపు తగ్గుతుందని, సర్వీసు రిజిస్టరులో ఆ ఎంట్రీ పడిందో లేదో చూసుకోవాలని గుక్కతిప్పుకోకుండా చెబుతారు. దుకాణాల్లో పనిచేసేవారికి అలాంటి రిజిస్టరు చేతికి అందదు. అందుకని సెలవు అడిగేటప్పుడు అరఠావు మీదైనా రాసి ఇచ్చి, నకలు మీద అందినట్లు సంతకం, తేదీ తీసుకోవాలి. వాట్సాప్‌లో అడిగితే వచ్చిన జవాబును చెరిపేయకూడదు. కోత పడితే ముందు ఆ కాగితం పట్టుకుని యజమానినే అడగాలి. అక్కడ తేలకపోతే ఆ ప్రాంతపు సహాయ కార్మిక అధికారి కార్యాలయానికి ఆ కాగితం, జీతం చీటీ, డాక్టరు చీటీ తీసుకుని వెళ్ళాలి. నా దగ్గర ఆనాడు ఎర్ర సిరా కవరు ఒక్కటే ఉండేది, దానిని కూడా పారేశాను.