తువ్వాలు ముందా, చెయ్యి ముందా?

మా అనంతపురం శనక్కాయల రైతు బొమ్మ ఒకటి మోహోలో (బొమ్మల్ని కదిలించే యానిమేషన్ సాఫ్ట్‌వేర్) చేస్తున్నా. పంచె, తలపాగా సులువే. తలనొప్పంతా భుజం మీది తువ్వాలుతోనే. దాన్ని ఒకే లేయర్‌గా (ఒకదానిమీదొకటి పేర్చే బొమ్మ పొరల్లో ఒకటిగా) ఉంచితే కుదరదు. ఎదమీద వేలాడే కొస ఒంటికి పైన, వీపు వైపు కొస ఒంటికి కింద ఉండాలి. అందుకే రెండు ముక్కలు చేసి రెండూ భుజం బోన్‌కే (బొమ్మను కదిలించే ఎముకకే) కట్టా.

ఇక చెయ్యి వెనక్కి పోయినప్పుడు లేయర్ల వరస మారాలి. గ్రూప్ సెట్టింగుల్లో డెప్త్ సార్ట్‌కి పోయి లేయర్ ఆర్డర్ యానిమేషన్‌కు టిక్ పెట్టాలి. చెయ్యి మెల్లగా కదుల్తుందిగానీ వరస మాత్రం ఒక్క ఫ్రేములో టక్కున మారిపోతుంది. కాబట్టి చెయ్యి ఒంటికి తగలకుండా పక్కకు జరిగిన ఫ్రేము చూసి అక్కడే కీ (మార్పు జరగాల్సిన చోటు గుర్తు) పెడతా. చూసేవాళ్ళకు తెలీదు.

మోచేతి మడత వేరే గొడవ. అక్కడ కలిసే రెండు చేతి ముక్కల అంచు గీతలన్నీ కింద, రంగు ఆకారాలు పైన ఉంటే అతుకు కనబడదు.

నిమ్మలకుంట తోలుబొమ్మల్లోనూ కాళ్ళూ చేతులూ విడిగా కత్తిరించి ముడేస్తారు కదా. పలచని తోలు ఒకదానిమీదొకటి పడ్డచోట తెరమీద కాస్త ముదురుగా కనబడుతుంది. మన రైతును మెల్లగా మాయం చెయ్యాలన్నా అదే తంటా: లేయర్లన్నీ విడివిడిగా 50 శాతానికి దించితే చంక దగ్గర చెయ్యీ ఒళ్ళూ రెండూ కనిపిస్తాయి. బొమ్మంతా ఒకే చిత్రంగా కలిపి, దాన్నే పలచన చెయ్యండి.